రేనాటి వంటింట ఆరు ఋతువుల రుచులు

గత ఉగాది మొదలు ఈ ఉగాది వరకు ఉయ్యాలవాడ ప్రాంతపు గృహిణుల వద్ద తెలుసుకొని, మా ఇంట స్వయంగా వండి చూచిన వంటకాలివి. వాటి తయారీ, గుణదోషాలు, ఎవరు తినవచ్చును, ఎవరు మానవలెను అన్న విషయాలు పాఠకుల ఉపయోగార్థం ఇక్కడ వివరిస్తున్నాను.

ఆయుర్వేదం ఆహారాన్ని ఔషధానికి తోబుట్టువుగా ఎంచింది. వైద్యుడు ఎంత మంచి మందు ఇచ్చినా వంటింట పథ్యం కుదరకపోతే వ్యాధి కుదరదు. అందుచేతనే మేము గురుకులంలో చదువుకొనే రోజులలో పాకశాల కూడ పాఠశాలగానే ఉండేది. విద్యార్థులు వంతులవారీగా పేయ, విలేపి, యూషం, తక్రం తయారుచేయవలసి వచ్చేది. జావలో మెతుకెంత, నీరెంత ఉండవలెనో గ్రంథం చదివినప్పటికంటె గరిటె పట్టినప్పుడే మాకు బాగా బోధపడింది. ఆ అలవాటు నన్ను విడువలేదు. అరువది దాటిన ఈ వయసులోను మా ఇంట ఒక పూట వంట నాదే.

నా వద్దకు వచ్చిన రోగులను నాడి చూచుటకు ముందే ఒక మాట అడుగుతాను: "నిన్న రాత్రి ఏమి తిన్నారు? దేనితో తిన్నారు?" మొదటి ప్రశ్నకు అందరూ వెంటనే జవాబు చెబుతారు. రెండవ ప్రశ్నకు కొంచెం ఆలోచిస్తారు. వ్యాధి మూలం తరచుగా ఆ రెండవ జవాబులోనే దొరుకుతుంది. అంతేకాదు, ఈ ప్రశ్న వలన నాకొక లాభం కూడ కలిగింది. మందు కోసం వచ్చిన తల్లులు అనేకులు నాకు వంట నేర్పి వెళ్ళినారు.

ఉయ్యాలవాడ పేరు చెప్పగానే 1846లో ఆంగ్లేయులపై తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి అందరికీ గుర్తుకు వస్తాడు. పూర్వం రేనాడు అని పిలువబడిన సీమ ఇది. 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాలో ఉండి, నేడు నంద్యాల జిల్లాలో చేరినది. కుందూ నది ఈ నల్లరేగడి భూముల గుండా సాగి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. తూర్పున నల్లమల కొండలున్నవి. రేగడిలో శనగ, జొన్న, కొర్ర పండుతాయి. కొండల వైపు నుండి నన్నారి వేరు, తేనె, ఉసిరి దిగివస్తాయి. ఇంత సంపద చుట్టూ ఉండగా మన మధ్యతరగతి ఇండ్లలో ఆరోగ్యం కోసం అంగడిలో రంగు ప్యాకెట్లు వెదకవలసి రావడం విచారకరం.

ఆహారానికి ఎనిమిది కొలతలు

ఒక పదార్థం మంచిదా, చెడ్డదా అని అడిగితే ఆయుర్వేదం ఒక్క మాటలో జవాబు చెప్పదు. చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని పరీక్షించుటకు ఎనిమిది విషయాలు చెప్పబడినవి. అవి ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగసంస్థ, ఉపయోక్త. పదార్థపు సహజగుణం ప్రకృతి. నానబెట్టడం, వేయించడం, ఉడికించడం వంటి సంస్కారం కరణం. దేనితో కలిపి తింటున్నామో అది సంయోగం. ఎంత తింటున్నామో అది రాశి. ఎక్కడ పండినది, ఎక్కడివాడు తింటున్నాడు అన్నది దేశం. ఋతువు, వయసు, రోగపు అవస్థ కాలం. తినే పద్ధతి ఉపయోగసంస్థ. తినే మనిషి ఉపయోక్త.

నేడు ప్రకటనలు ఈ ఎనిమిదింటిలో మొదటిదానిని మాత్రమే చెబుతాయి. కొర్రలు మంచివి, రాగులు మంచివి అని చెప్పి ఊరుకుంటాయి. మిగిలిన ఏడు మన అవ్వలకు కంఠతా తెలుసును. ఈ సంవత్సరమంతా నేను కనుగొన్న కొత్తదనం ఆ ఏడింటిలోనే ఉన్నది. దినుసులు పాతవే; తోడు, పాకం, వేళ అన్నవే నాకు కొత్తగా దొరికినవి.

గ్రీష్మం: నన్నారి శీతకషాయం

ఎండాకాలంలో నంద్యాల, ఆళ్ళగడ్డ వీధులలో నన్నారి షర్బత్ బండి లేని కూడలి ఉండదు. సంస్కృతంలో శారిబ, అనంతమూలం అనీ, తెలుగులో సుగంధిపాల అనీ పిలువబడే తీగ వేరే ఈ నన్నారి. శీతవీర్యం, మధుర తిక్త రసాలు కలది. దాహాన్ని, ఒంటి మంటను, మూత్రపు మంటను, వేసవి కురుపులను శమింపజేస్తుంది. అయితే సీసాలలో అమ్మే ద్రావకాలన్నిటిలోను వేరు ఉంటుందని నమ్మరాదు. కొన్నిటిలో చక్కెర, రంగు, వాసన మాత్రమే ఉంటాయి.

అహోబిలం వైపు నుండి వచ్చిన ఒక తల్లి గత వేసవిలో నాకు వేళ్ళ కట్ట ఒకటి తెచ్చి ఇచ్చి, "దీన్ని ఉడకబెట్టొద్దు సామీ, వాసన ఎగిరిపోతాది" అని హెచ్చరించినది. ఆమె మాట శాస్త్రసమ్మతమైనది. సుగంధ ద్రవ్యాలను కాచి కషాయం చేయక, నీటిలో రాత్రంతా నానబెట్టి హిమకషాయంగా వాడవలెనని మన పద్ధతి.

తయారుచేయు విధానం: వేళ్ళను బాగా కడిగి, మన్ను పోయిన తరువాత నీడన ఆరబెట్టి, రోటిలో కచ్చాపచ్చాగా దంచవలెను. ఒక భాగం వేరుకు ఆరు భాగాల మంచినీరు చేర్చి, మట్టిపాత్రలో మూతవేసి రాత్రంతా ఉంచవలెను. ఉదయం వడగట్టి, పటికబెల్లం, నిమ్మరసం, నానిన సబ్జా గింజలు కలుపుకొని త్రాగవలెను. పెద్దలకు పూటకు అరగ్లాసు చాలును. ఏ పూటకు ఆ పూట తయారుచేసుకొనవలెను, నిలువ ఉంచరాదు. మధుమేహం కలవారు తీపి లేకుండ పలుచని మజ్జిగలో కలుపుకొనవచ్చును. మంచి వేరు విరిచినపుడు పైబెరడు ముదురు గోధుమవన్నెగా ఉండి, లోపలి నుండి చక్కని పరిమళం వస్తుంది. వాసన లేని వేరు పనికిరాదు.

వర్షర్తువు: కొర్రన్నానికి తోడు

ఈ సంవత్సరం నాకు దొరికిన వాటిలో మిక్కిలి విలువైనది ఇదే. కావున కొంచెం విస్తరంగా చెబుతాను.

గత శ్రావణ మాసంలో ఆళ్ళగడ్డ నుండి విశ్రాంత ఉపాధ్యాయుడొకరు వచ్చినారు. పదేళ్ళుగా మధుమేహం ఉన్నది. ఎవరో చెప్పగా బియ్యం పూర్తిగా మానివేసి కొర్రలకు మారినారు. ఉదయం కొర్ర ఉప్మా, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి కొర్ర దోసె. కొవ్వు అని నెయ్యి మానినారు. వానకాలంలో జలుబు చేస్తుందని మజ్జిగ మానినారు. కొర్రలు కదా అని కడుపునిండ తిన్నారు. చక్కెర తగ్గుతుందన్న ధీమాతో డాక్టరు ఇచ్చిన మాత్రలను తమంతట తామే సగానికి తగ్గించుకొన్నారు. రెండు నెలలు తిరిగేసరికి మలబద్ధం, కడుపుబ్బరం, మొలల బాధ మొదలైనవి. రక్తంలో చక్కెర తగ్గలేదు సరికదా, పెరిగినది. "కొర్రలు అమృతమని అందరూ చెప్పినారు కదా, నాకెందుకిట్లా అయినది?" అని ఆయన చాలా దిగులుపడినారు.

అదే బల్లమీద మోకాళ్ళ నొప్పికి తైలం కోసం వచ్చిన ఉయ్యాలవాడ అవ్వ ఒకామె కూర్చొని ఉన్నది. ఎనుబది ఏండ్లు ఉండవచ్చును. మా సంభాషణ అంతా విని, "ఏం సారూ, కొర్రబువ్వ ఒట్టిదే తింటివా? పేగు పట్టేయదా మరి! మా అత్త ఉలవకట్టు లేంది కొర్రబువ్వ తట్టలో పెట్టనిచ్చేది కాదు. పైన ఇంత నెయ్యి, ఆఖర్న మజ్జిగ. అదీ పగటిపూటే" అన్నది.

అవ్వ చెప్పిన మాటలో ఎంత వైద్యమున్నదో చూడండి. కొర్రకు ప్రియంగు, కంగు అని సంస్కృత నామాలు. చరకుడు దీనిని శ్యామాకం వంటి తృణధాన్యాలతో చేర్చి లఘువని చెప్పగా, భావమిశ్రుడు తన భావప్రకాశంలో గురువన్నాడు. విరిగిన ఎముకలు అతుకుటకు మంచిదనీ, గుర్రాలకు మిక్కిలి హితమనీ కూడ ఆయన చెప్పినాడు. తేలికా, బరువా అన్న విషయంలో భేదమున్నా, ఇది కఫాన్ని హరించి వాతాన్ని పెంచుతుందన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. చరకుడు చెప్పిన సంగ్రాహి గుణం వలన మలం గట్టిపడుతుంది. వర్షర్తువులో జఠరాగ్ని మందగించి వాతం సహజంగానే ప్రకోపిస్తుంది. అటువంటి కాలంలో వాతకరమైన ధాన్యాన్ని, స్నేహం లేకుండ, మూడు పూటలు, అధికంగా తింటే మలబద్ధం రాక ఏమవుతుంది?

ఉలవ దీనికి సరియైన జోడు. ఉలవ ఉష్ణవీర్యం, కఫవాతహరం. నెయ్యి రూక్షతను పోగొడుతుంది. మజ్జిగ అగ్నిని నిలుపుతుంది. ధాన్యం చేసే కీడును తోడు వచ్చిన పదార్థం ఆపుతున్నది. చరకుడు సంయోగమని చెప్పినది ఇదే. నేటి పోషణశాస్త్రం కూడ దీనిని సమర్థిస్తున్నది. కొర్ర మాంసకృత్తులలో లైసిన్ అనే అంశం తక్కువ. పప్పుధాన్యాలలో అది సమృద్ధిగా ఉంటుంది. కొర్రన్నం, ఉలవకట్టు, ఉడికిన ఉలవల గుగ్గిళ్ళు కలిపి తిన్నపుడు ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది.

రాశి విషయం కూడ గమనించవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు చిరకాలంగా ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల కొర్రలలో మాంసకృత్తులు 12.3 గ్రాములు, పీచు 8 గ్రాములు ఉండగా, మరపట్టిన బియ్యంలో మాంసకృత్తులు 6.8 గ్రాములు, పీచు 0.2 గ్రాములు మాత్రమే ఉన్నవి. కొర్రలు శ్రేష్ఠమే. కాని శక్తి మాటకు వస్తే కొర్రలలో 331 కేలరీలు, బియ్యంలో 345 కేలరీలు. భేదం స్వల్పం. పీచు వలన చక్కెర నెమ్మదిగా రక్తంలో చేరుతుంది కాని, ధాన్యం ధాన్యమే. కుంభాలకొద్ది తిన్నవానికి ఏ ధాన్యమూ మధుమేహాన్ని తగ్గించదు.

కొర్రన్నం చేయు విధానం: కొర్రబియ్యం ఒక గ్లాసు బాగా కడిగి మూడు నాలుగు గంటలు నానబెట్టవలెను. తెల్లగా పాలిష్ పట్టినవి కాక, లేత పసుపువన్నె నిలిచినవి ఎంచుకొనవలెను. రెండున్నర గ్లాసుల నీరు మరగిన తరువాత నానిన కొర్రలు వేసి, సన్నని సెగమీద మూతపెట్టి ఉడికించి, దించిన పిమ్మట పది నిమిషాలు ఉమ్మగిలనివ్వవలెను.

ఉలవకట్టు చేయు విధానం: ఉలవలు ఒక గ్లాసు రాత్రి నానబెట్టి, ఉదయం ఎనిమిది గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికించి నీరు వడకట్టవలెను. ఆ నీటిలో కొంచెం చింతపండు రసం, ఉప్పు, పసుపు చేర్చి చిక్కబడే వరకు కాచవలెను. నేతిలో జీలకర్ర, దంచిన తెల్లగడ్డ, ఎండుమిరప, కరివేపాకు వేసి తిరగమోత పెట్టవలెను. మిగిలిన ఉలవలను గుగ్గిళ్ళుగా తాలింపు వేసుకొనవచ్చును.

ఉలవ వేడి చేయు పదార్థం. ఆమ్లపిత్తం, కడుపులో పుండు, రక్తం పడే మొలలు కలవారు, గర్భిణులు దీనిని మానవలెను. అటువంటివారు ఉలవలకు బదులు పెసరకట్టుతో కొర్రన్నం తినవచ్చును.

ఉపాధ్యాయులవారిని మొదట వారి మధుమేహ వైద్యుని వద్దకు పంపి మాత్రలను సరియైన మోతాదుకు తెప్పించినాను. మొలలు ఉన్నవి కావున వారికి ఉలవ ఇవ్వక పెసరకట్టు చెప్పినాను. కొర్రలు మధ్యాహ్నం ఒక్క పూట, చిన్న గిన్నెడు. ఒక చెంచా నెయ్యి, చివర మజ్జిగ. నెల తిరిగేసరికి మలబద్ధం, ఉబ్బరం తగ్గినవి. మరి రెండు నెలలకు చక్కెర కూడ అదుపులోకి వచ్చినది. అది కొర్రల ఒక్కదాని మహిమ కాదు. మాత్రలు, మితం, తోడు మూడూ కలిసి చేసిన పని. పాఠకులకు నా విన్నపం: ఏ ఆహారాన్ని చూచుకొనిగాని మీ అంతట మీరు మందులు మానరాదు, తగ్గించరాదు.

కొర్ర మనకు పరాయిది కాదని చెప్పుటకు మరొక మాట. 1906లో ఏర్పడిన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం అందించిన కొర్ర రకాలలో సూర్యనంది ఒకటి. 70, 75 రోజులలో చేతికి వస్తుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత దేశమంతట వీటికి గిరాకి పెరిగినది. సంతోషమే. కాని దానితోబాటు కొర్ర బిస్కెట్లు, కొర్ర సేమ్యాలు కూడ వచ్చినవి. ప్యాకెట్టు వెనుక పదార్థాల పట్టీలో ఏది బరువులో ఎక్కువగా ఉంటే దాని పేరు ముందు వేయవలెనని నిబంధన. మొదట మైదా పేరు ఉండి, కొర్ర పేరు ఎక్కడో చివర ఉంటే అది మైదా బిస్కెట్టే. కొనేముందు చదువుకొనండి.

శరదృతువు: పొన్నగంటి కూర

శరత్తులో పిత్తం ప్రకోపిస్తుంది. కళ్ళమంటలు, ఒంటిమీద దద్దుర్లు ఈ కాలంలో ఎక్కువ. కె.సి. కాలువ గట్లమీద ఈ దినాలలో పొన్నగంటి కూర విరివిగా దొరుకుతుంది. శీతలం, పిత్తకఫహరం. దీనిని పులుసుగా కాక, పెసరపప్పుతో కలిపి, నేతి తాలింపుతో వండుకొనుట నేను ఈ ఏడు నేర్చుకొన్న పద్ధతి. చింతపండు, పచ్చిమిరప వేయరాదు. పిత్తాన్ని తగ్గించుటకు తినే కూరలో పిత్తాన్ని పెంచే పులుపు, కారం పోయడం వ్యర్థం. జీలకర్ర, మిరియం చాలును. మురుగునీరు పారే చోట కోసిన ఆకు పనికిరాదు. ఉప్పునీటిలో కొంతసేపు ఉంచి రెండు మూడు మారులు కడగవలెను.

హేమంతం: శనగాకు పప్పు, సజ్జరొట్టె

కార్తీక మార్గశిరాలలో ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల దారిన పోతే కనుచూపుమేర శనగచేలే. విత్తిన నెల, నెల పదిహేను రోజులలో, పూత రాకముందు, కొనలు త్రుంచితే మొక్క గుబురుగా కొమ్మలు వేస్తుంది. రైతుకు లాభం, వంటింటికి కూర. తెల్లవారుజామున చేలో నడిస్తే పంచె అంచుకు అంటిన మంచు పుల్లగా ఉంటుంది. శనగాకు మీది నూగు నుండి మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లాలు ఊరుటే ఆ పులుపునకు కారణం. పూర్వం వైద్యులు రాత్రివేళ చేనిమీద పలుచని వస్త్రం పరచి, ఉదయం ఆ మంచును పిండి చణకామ్లం సేకరించి అజీర్ణానికి వాడేవారు. పురుగుమందులు చల్లే నేటి కాలంలో ఆ పని ఎవరూ చేయరాదు.

శనగాకు రుచికరం, పిత్తశామకం, చిగుళ్ళవాపునకు మంచిదని భావప్రకాశం చెబుతున్నది. ఆలస్యంగా జీర్ణమవుతుందని, వాతకఫాలను పెంచి కడుపు బిగబట్టుతుందని దోషం కూడ చెప్పినది. ఆ దోషానికి విరుగుడు మన గృహిణుల తాలింపులో ఉన్నది.

తయారుచేయు విధానం: లేత శనగాకు నాలుగు గుప్పిళ్ళు, కందిపప్పు ఒక గ్లాసు, ఎర్రగడ్డ ఒకటి, ఎండుమిరప నాలుగు, తెల్లగడ్డ పది రెబ్బలు, జీలకర్ర, ఇంగువ, పసుపు, ఉప్పు సిద్ధం చేసుకొనవలెను. పప్పు ముక్కాలు ఉడికిన తరువాత కడిగిన ఆకు, ఎర్రగడ్డ ముక్కలు, పసుపు వేసి మెత్తబడనివ్వవలెను. ఉప్పు వేసి పప్పుగుత్తితో ఎనపవలెను. నువ్వులనూనెలో తెల్లగడ్డను ఎర్రగా వేగనిచ్చి, మిరప, జీలకర్ర, ఇంగువతో తిరగమోత పెట్టవలెను. ఆకులోనే పులుపు ఉన్నది కనుక చింతపండు అక్కరలేదు. తెల్లగడ్డ, ఇంగువ తగ్గించరాదు. వాతాన్ని అణచేవి అవే. వేడి జొన్నరొట్టెతో పగటిపూట తినవలెను. మూత్రపిండాలలో రాళ్ళు కలవారు మానవలెను. ఆకు కోసే ముందు ఆ చేలో మందు చల్లినారా అని రైతును తప్పక అడగవలెను. చల్లి ఉంటే ఎంత లేతగా ఉన్నా ఆ ఆకు జోలికి పోరాదు.

ఇక భోగి నాటి సజ్జరొట్టె. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది, చర్మం పొడిబారుతుంది. రూక్షమైన సజ్జకు స్నిగ్ధమైన నువ్వులను జోడించుట మన పెద్దల వివేకం. ఈ సంవత్సరం నాకు తెలిసిన రహస్యం పిండి విషయంలో ఉన్నది. సజ్జలలో నూనె అంశం ఎక్కువగా ఉండుట చేత పిండి కొద్ది రోజులలోనే చేదెక్కుతుంది. రొట్టె చేదుగా ఉన్నదని సజ్జలను నిందించేవారు నిజానికి నిలువ పిండిని నిందించవలెను. వారానికి సరిపడ మాత్రమే విసిరించుకొనవలెను. మరుగుతున్న నీరు పోసి పిండి కలిపి, అరచేతి మడమతో బాగా మదించి, తట్టి, తడిచేసిన పైభాగాన నువ్వులు అద్ది, ఇనుప పెనంమీద కాల్చవలెను. గోధుమపిండికి ఉన్న జిగురు సజ్జపిండికి లేదు. ఆ జిగురును వేడినీరే కల్పిస్తుంది. కాలిన రొట్టెకు వెన్న రాసి, బెల్లంతో గాని వంకాయకూరతో గాని తినవలెను. థైరాయిడ్ గ్రంథి మందగించినవారు సజ్జలను నిత్యాహారం చేసుకొనరాదు. పండుగనాడు తింటే దోషం లేదు.

శిశిరం: నల్లేరు పచ్చడి

కంచెలమీద నాలుగు పలకలుగా, కణుపు కణుపుగా ప్రాకే నల్లేరును ఎరుగనివారు పల్లెలో ఉండరు. సంస్కృతంలో అస్థిసంహారి, వజ్రవల్లి. ఎముకలు విరిగినపుడు వాడే ఓషధులలో ముఖ్యమైనది. దీనిని పచ్చడిగా తినుట కొందరికే తెలుసును. పచ్చిగా నాలుకకు తగిలితే గొంతు దురద పెడుతుంది. కారణం దానిలోని సూదులవంటి కాల్షియం ఆక్జలేట్ స్ఫటికాలు.

తయారుచేయు విధానం: చేతులకు నువ్వులనూనె రాసుకొని, చివరి రెండు మూడు లేత కణుపులు మాత్రమే కోసి, అంచుల నార తీసి, చిన్న ముక్కలుగా తరగవలెను. నూనెలో రంగు మారి కరకరలాడే వరకు వేయించవలెను. విడిగా మినపప్పు, శనగపప్పు, ఎండుమిరప, జీలకర్ర వేయించి, చింతపండు, ఉప్పు, కొంచెం బెల్లం చేర్చి, ముక్కలతో కలిపి రోట్లో నూరవలెను. వేయింపు చాలకపోయినా, చింతపండు తగ్గినా దురద మిగులుతుంది. నేయి వేసిన వేడి అన్నంలో మొదటి ముద్దగా ఉసిరికాయంత చాలును. వారానికి రెండు మారులు మించనక్కరలేదు. ఇది ఉష్ణం. గర్భిణులు, పిత్తప్రకృతి కలవారు, మూత్రంలో రాళ్ళు కలవారు తినరాదు. ఎముక విరిగినవారు పచ్చడిని నమ్ముకొని కూర్చొనక మొదట ఎముకల వైద్యునికి చూపి కట్టు కట్టించుకొనవలెను.

వసంతం: వేపపూత చారు

వసంతంలో కఫం కరుగుతుంది. తిక్తరసం హితం. ఉగాది పచ్చడిలో చిటికెడు వేసి వేపపూతను మరచిపోవుట మన అలవాటు. చెట్టుక్రింద శుభ్రమైన వస్త్రం పరచి, రాలిన పూతను ఏరి, రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి డబ్బాలో పోసుకొంటే ఏడాది నిలుస్తుంది. నేతిలో ఒక చెంచా పూతను గోధుమవన్నె వచ్చేవరకు వేయించి, మరిగిన పలుచని చింతపండు చారులో దించే ముందు వేయవలెను. ముందే వేసి మరిగిస్తే చారంతా విషంవలె చేదెక్కి పిల్లలు ముట్టరు. జ్వరం తగ్గిన తరువాత నోటి అరుచికి ఈ చారు చక్కగా పనిచేస్తుంది. గర్భిణులకు పెట్టరాదు.

గుర్తుంచుకొనవలసినవి

1. ధాన్యం మార్చినపుడు దాని తోడును కూడ తెచ్చుకొనవలెను. కొర్రకు ఉలవ లేక పెసర, నెయ్యి, మజ్జిగ. సజ్జకు నువ్వులు, వెన్న. శనగాకుకు తెల్లగడ్డ, ఇంగువ.

2. కొత్త ధాన్యాన్ని వారానికి రెండు పూటలతో ప్రారంభించి, ఒంటికి పడినదో లేదో చూచి పెంచుకొనవలెను. ఒకే ధాన్యాన్ని మూడు పూటలు తినరాదు.

3. ఋతువు మారినపుడు వంట మారవలెను. నన్నారి హేమంతానికి, నల్లేరు గ్రీష్మానికి పనికిరావు.

4. ఇంట ఒకరికి హితమైనది మరొకరికి కాకపోవచ్చును. తండ్రి మధుమేహానికి వండిన కొర్రన్నమే ఎదిగే పిల్లలకు మూడు పూటలా పెట్టరాదు.

5. ఆహారం మందుకు సహాయం చేస్తుంది. వైద్యుని అడుగకుండ మందు మానరాదు.

చివరగా గృహిణులకు ఒక మాట. కొర్రలు ఈనాడు ఏ అంగడిలోనైనా దొరుకుతాయి. వాటిని దేనితో, ఎప్పుడు, ఎంత తినవలెనో ఏ అంగడిలోను దొరకదు. ఆ సంగతి ఎనుబది ఏండ్ల అవ్వల వద్ద ఉన్నది, వారు దానిని ఏ పుస్తకంలోను వ్రాసిపెట్టలేదు. మీ ఇంట అత్తగారు గాని, అమ్మమ్మ గాని ఉంటే ఈ వారమే వారి వద్ద కూర్చొని, "ఈ కూరలోకి ఇది ఎందుకు వేసేవారు? ఇది ఏ నెలలో వండేవారు?" అని అడిగి ఒక నోటు పుస్తకంలో వ్రాసుకొనండి. మందుల పెట్టెకంటె ముందు ఇంట ఉండవలసినది ఆ పుస్తకమే.